మాస్టారింటి ఖర్జూరం

పి.గన్నవరం అక్విడెక్టు దిగి కాలువ గట్టెమ్మట కొంతదూరం నడిస్తే ఒక పేట వస్తుంది. ఆ పేటలో ఖర్జూరపు చెట్టున్న ఇల్లెక్కడని అడిగితే, బడి ఈడు రాని పిల్లలు సైతం సాలమోను మాస్టారింటికి దారి చూపించేవారు. కృపావతి ఇల్లెక్కడని అడిగితే మాత్రం పెద్దవాళ్ళే ఒక్క క్షణం తడుముకొని, "ఏ కృపావతండీ? మాస్టారి చెల్లెలు గారా?" అని ఎదురడిగేవారు. ఆ ఇంటి గోడలు కృపావతి జీతంతో లేచాయి. ఆ చెట్టు కృపావతి తెచ్చిన గింజలోంచి మొలిచింది. అయినా ఇంటి నొసట బిగించిన నల్లరాతి పలక మీద "దేవుని దానం" అని పెద్దక్షరాలతోనూ, దాని కింద "వై. సాలమోను, ఉపాధ్యాయులు" అని కాస్త చిన్నక్షరాలతోనూ చెక్కి ఉండేది. పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు కృపావతి ఆ పలకను కూడా తడిగుడ్డతో తుడిచేది.

పెళ్ళయిన నాలుగో ఏట ఆమె భర్త కామెర్లతో పోయాడు. పిల్లలు కలగలేదు. మెట్టినింట మిగిలిందేమీ లేక పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి అన్న సాలమోనుకు కొత్తగా టీచరుద్యోగం వచ్చినా కాపురం ఇంకా తాటాకింట్లోనే. చెల్లెల్ని ఆయన కసురుకోలేదు, ఆమె తినే ముద్దను లెక్కపెట్టలేదు. ఆ సంగతి కృపావతి ఎన్నడూ మరిచిపోలేదు. తర్వాత జరిగినవాటిని అంతకాలం దిగమింగుకోగలగడానికి కారణం కూడా బహుశా అదే. పేటలో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కువైట్ వెళ్తున్న రోజులవి. ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే ఆమె కూడా ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి విమానమెక్కింది. ఇరవయ్యేళ్ళకు పైగా అక్కడ ఒకే ఇంట్లో వంట చేసింది.

ఆ ఇంటి యజమానురాలిని "మామా" అని పిలవాలి. మామా చెడ్డది కాదు, మంచిదీ కాదు; పనిమనిషికి పనుండాలని నమ్మే మనిషి. వంటింటి అద్దాల కిటికీ అవతల గోడ పొడుగునా ఖర్జూరపు చెట్లుండేవి. వాటి కిందికి కృపావతి వెళ్ళింది చెత్తబుట్ట బయట పెట్టడానికి మాత్రమే. తోట చూసుకోవడానికి బంగ్లాదేశం నుంచి వచ్చిన ఒకతను వేరే ఉండేవాడు. పళ్ళు మాత్రం గంపలకొద్దీ ఆమె చేతిమీదుగానే నడిచేవి. వాటిని కడిగి, గింజలు తీసి, ఆ ఖాళీలో బాదంపప్పు కూరి, కాఫీ పక్కన ఏ రకం పెట్టాలో, పాకానికి ఏది మరగబెట్టాలో ఆమె కళ్ళు మూసుకొని చెప్పగలదు. పండు సంగతి అంత క్షుణ్ణంగా తెలిసిన మనిషికి, చెట్టు మీద ఏం జరిగితే అది పండవుతుందో తెలుసుకునే అవసరం ఒక్కరోజు కూడా రాలేదు.

ఇల్లు కట్టాలన్నప్పుడు స్థలం పట్టా సాలమోను పేరు మీదుంది. "పట్టా నాది, గోడలు నీవి. మనలో మనకి నాదేంటి, నీదేంటి చెల్లెమ్మా! వీధివైపు గది నీదే. నువ్వొచ్చేక తాళంచెవి నీ చేతిలోనే పెడతాను" అని ఆయన ఫోనులో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో వేరే ఆలోచన ఉందని చెప్పడానికి ఆధారమేమీ లేదు. గృహప్రవేశపు ప్రార్థనకు సెలవు మీద వచ్చినప్పుడు కృపావతి పెట్టెలో, చేతిరుమాలులో చుట్టి ఖర్జూరపు గింజలు తెచ్చింది. వెనక గోడ పక్కన వరసగా పాతింది. రెండు ఎలుకలపాలయ్యాయి, కొన్ని కుళ్ళాయి, ఒకటి గడ్డిపోచలా మొలిచింది. దానికి చుట్టూ ముళ్ళకంప కట్టి మళ్ళీ విమానమెక్కింది.

కరోనా తగ్గాక మామా చనిపోయింది, ఆ ఇల్లు కొడుకుల మధ్య చీలిపోయింది, కృపావతిని పంపించేశారు. ఆమె తిరిగి వచ్చేసరికి వీధివైపు గదిలో మేనల్లుడు ఫిలిప్ కాపురం పెట్టి ఉన్నాడు. అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, కొత్తగా పెళ్ళయినవాడు. అతన్ని లేవమనడం ఎవరికీ న్యాయంగా తోచలేదు, కృపావతికి కూడా. ఇంటి వెనక సిమెంటు రేకుల వసారాకు తడికలు తీసేసి గోడ పెట్టించి, అందులో మంచం వేశారు.

"నీకు వెనకైతే గాలి బాగా వస్తదత్తా. ముందు గది ఒట్టి కొలిమి" అన్నాడు ఫిలిప్.

"ఆయ్, అవును బాబూ" అంది కృపావతి.

వసారా గుమ్మానికి ఎదురుగా చెట్టుంది. ముళ్ళకంప ఎప్పుడో పోయింది. మొదలు బొడ్డెత్తు దాకా లావెక్కి, మట్టలు రేకుల మీదికి ఒరిగి, మనిషి తల ఎత్తి చూడవలసినంత ఎదిగింది. ఇన్నేళ్ళూ దానికి నీళ్ళు పోసినవాళ్ళెవరూ లేరు. కోనసీమ నేల దానంతటదే పెంచింది. కృపావతి ఎండుమట్టలు కోసి, ముళ్ళు చెక్కి, మొదట్లో పాదు చేసింది. ఆ ఇంట్లో ఆమె పేరు అడగకుండానే ఆమెదని తేలే వస్తువు అదొక్కటే. మిక్సీ, ఫ్రిజ్, గోడలు, పైకప్పు — అన్నిటికీ ఆమె జీతం అవసరమైంది గానీ, వాటిని చూసి ఎవరికీ ఆమె గుర్తురాదు. ఈ చెట్టు నిలిచి కాస్తే, తాను కూడా ఆ ఇంట్లో ఒక మనిషినని పేటకంతటికీ చెప్పే నోరు దానికుంటుందని ఆమె మనసులో పడిపోయింది.

చెట్టు గెల వేసింది. మొదటి ఏడు అందరూ తలెత్తి చూశారు. తొడుగులు విచ్చుకున్నాయి, లేత పసుపు పూసల్లాంటి పూత బయటికొచ్చింది, కొన్నాళ్ళకు ఆ పూసలు ఆకుపచ్చబడి మిరియాలంత అయి రాలిపోయాయి. రెండో ఏడూ అంతే. రెండు నెలలకోసారి కొబ్బరి దింపు తీయడానికి వచ్చే సత్తియ్య తలపాగా సర్దుకుంటూ తీర్పు చెప్పాడు.

"ఇది పోతండి మాస్టారూ. తాడిచెట్లలో పోతుతాడు లేదాండీ, అదే ఇదీను. గెలేస్తది, పూస్తది, కాయ మాత్రం అవ్వదండి. ఇంక ఎన్నేళ్ళున్నా ఇంతేనండి బాబూ."

అందరూ ఆ మాటే ఖాయం చేసుకున్నారు. పోతుతాడు కాయదని ఆ చుట్టుపక్కల పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. తెలిసిన చెట్టును బట్టి తెలియని చెట్టుకు పేరు పెట్టారు.

ఫిలిప్ అప్పటికే కారు కొన్నాడు. ముందు సందులో అది పట్టదు. వెనక సందుకు కొత్తగా సిమెంటు రోడ్డు పడింది. ఒకరోజు అన్నాల దగ్గర మాట ఎత్తాడు. "నాన్నా, కారు చర్చి ముందు పెట్టి రావాల్సొస్తంది. పిల్లలు దానిమీద పేర్లు రాసేస్తన్నారు. ఆ పోతుచెట్టు తీసేస్తే షెడ్డేసుకోవచ్చు."

"కువైట్ సామాన్లో మిక్సీ ఒక్కటే పనికొచ్చింది" అంది వదిన, కూర వడ్డిస్తూ. "అదీ మొన్న కాలిపోయింది."

బల్ల దగ్గర నవ్వులు లేచాయి. కృపావతి కూడా నవ్వింది. సాలమోను మజ్జిగ కలుపుకుంటూ, "అది చెల్లెమ్మ చెట్టురా. దాని సంగతి తనే తేల్చాలి. వచ్చే కాపు చూద్దాం. కాస్తే ఉంటది, లేకపోతే షెడ్డు" అన్నాడు.

బరువును ఎత్తి ఆమె నెత్తిన పెట్టడానికే ఆయన ఆ మాటన్నాడు. కృపావతి మాత్రం "చెల్లెమ్మ చెట్టు" అన్న రెండు మాటలనూ పట్టా కాగితంలా మడిచి దాచుకుంది.

మాఘమాసపు ఎండలో ఒకనాడు ఆమె పక్కింటి దుర్గమ్మతో కలిసి పొయ్యిలోకి ఎండాకులు ఏరడానికి కాలువ గట్టుకు వెళ్ళింది. దుర్గమ్మ కొబ్బరికాయలు వొలిచే కూలికి వెళ్ళే మనిషి. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. గట్టు మీద వరసగా ఈతచెట్లున్నాయి. ఒకదాని కింద వంగి ఆకు లాగుతుంటే కృపావతి భుజం మీద తెల్లటి పొడి రాలింది. దులుపుకుంటూ ఆమె ఆగిపోయింది. తడిపిన గోధుమపిండిలో సున్నం కలిపినట్లు ఒక వాసన. ఎక్కడిదో తెలిసిన వాసన.

అది వంటింటి వాసన. చలి తగ్గే రోజుల్లో ఏటా తోటవాడు బజారు నుంచి అరబ్బీ పేపర్లో చుట్టిన ఒక కట్ట తెచ్చి, ఆరడానికి వంటింటి అలమర మీద పెట్టేవాడు. చీపురుపుల్లల్లాంటి పూరెమ్మలు. వాటి పొడి పిండిడబ్బా మీద పడుతోందని మామా అతన్ని తిట్టేది, తుడవమని కృపావతిని తిట్టేది. నాలుగు రోజులు పోయాక అతను ఆ కట్ట నడుముకు కట్టుకుని చెట్టెక్కేవాడు. అద్దంలోంచి అతని పాదాలు మాత్రం కనిపించేవి. ఇరవయ్యేళ్ళు ఆ పొడిని తుడిచింది. అదేమిటని ఒక్కసారి అడగలేదు.

కృపావతి తలెత్తి చూసింది. ఆ ఈతచెట్టుకు కాయల గుర్తు లేదు. నిండా పొడి పూతే. పక్క చెట్టుకు పోయినేటి ఎండుగెల ఇంకా వేలాడుతోంది, దాని పైన కొత్త పూత విచ్చుకుంటోంది. ఒకటి పోతు, ఒకటి పెంటి. తన చెట్టు పూత ఈ పొడి పూతలా లేదు. ఆ రెండోదానిలా పూసలు పూసలుగా ఉంది. దానికి ఇన్నాళ్ళూ అందనిది ఈ పొడే. అక్కడే గట్టు మీద కూలబడింది.

"ఏమైందక్కా, కళ్ళు తిరిగినియ్యా?" అంది దుర్గమ్మ కంగారుగా.

"కత్తి ఇలా ఇవ్వవే."

మర్నాడు పెరట్లో నిచ్చెన వేసుకుని, ముళ్ళు గుచ్చుకోకుండా చేతులకు పాత తువ్వాళ్ళు చుట్టుకొని, కృపావతి తన చెట్టు గెలల మధ్య ఆ పూరెమ్మలు తలకిందులుగా దోపి అరటినారతో కట్టింది. ఇంట్లోవాళ్ళు ఆ పూట రావులపాలెంలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు. దుర్గమ్మ గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడింది.

"ఏంటక్కా, చెట్టుకి పెళ్ళి చేస్తన్నావా?"

"అవునే. నువ్వే పెళ్ళిపెద్దవి."

"పెళ్ళికొడుకు మన కాలవగట్టోడు, పెళ్ళికూతురు కువైట్టు పిల్ల! కట్నం ఎవరిచ్చేరు?"

"నోరు మూసుకో, పూత బెదురుతది" అంది కృపావతి. ఇద్దరూ నవ్వారు. కువైట్ నుంచి వచ్చాక కృపావతి అంత పెద్దగా నవ్వడం అదే మొదలు.

కాయ నిలిచింది. మిరియాలంతవి రాలలేదు, శనగలంతయ్యాయి, రేగుకాయలంతయ్యాయి, ఎండలు ముదిరేసరికి గెలలు బరువుకు వంగాయి. జూన్ వానలు మొదలయ్యే వేళకు పసుపురంగు తిరిగింది. తడిస్తే పగులుతాయని, కువైట్‌లో బయటికి వెళ్ళేటప్పుడు వేసుకున్న తన నల్లటి అబాయాను చింపి గెలలకు ముసుగులు కుట్టింది. వాన వెలిసినప్పుడల్లా ముసుగులు విప్పి ఆరబెట్టి మళ్ళీ తొడిగేది. జనం రావడం మొదలైంది. కొత్తపేట నుంచి ఎవరో మాస్టారి పాత శిష్యులు, ఫిలిప్ కాలేజీ వాళ్ళు, వాళ్ళ చుట్టాలు. షెడ్డు మాట ఫిలిప్ ఎత్తడం మానేశాడు. వచ్చినవాళ్ళను సాలమోను దగ్గరుండి పెరట్లోకి తీసుకొచ్చేవాడు. మొదట్లో "మా చెల్లెమ్మ గింజ తెచ్చిందండీ" అనేవాడు. తర్వాత "కువైట్ గింజండీ" అనేవాడు. జూన్ చివరికి వచ్చేసరికి "ఓపిక ఉండాలండీ, ఎనిమిదేళ్ళు పెంచేం" అంటున్నాడు. ఆ మార్పు ఆయనకు తెలిసి జరిగినట్లు లేదు. కృపావతి అప్పుడు టీ కలుపుతూ ఉండేది.

ఆ పేట చర్చిలో ఒక పద్ధతి ఉంది. మొదటి కాపు ఏదైనా సరే, కొబ్బరి గెల, అరటి గెల, కోడి తొలి గుడ్లు, ఆదివారం గుడికి తెస్తారు. తెచ్చినవారి పేరు పాస్టరు అయ్యగారు పైకి పిలుస్తారు. వాళ్ళు లేచి నిలబడితే సంఘమంతా వాళ్ళకోసం ప్రార్థన చేస్తుంది. ఆరాధన అయ్యాక ఆ వస్తువును ముంగిట వేలంపాట పెడతారు. చర్చిలో ఫ్యాన్లు, మైకు సెట్టు కృపావతి పంపిన డబ్బుతో వచ్చినవే. వాటి మీద ఎర్రరంగుతో రాసింది అన్నగారి పేరు. ఆమె పెళ్ళికి ముందు ప్రకటన చదివిన తర్వాత ఆ మందిరంలో ఆమె పేరు ఎవరూ పైకి పలకలేదు.

"ఈ ఆదివారం మొదటి గెల నేను తీసుకెళ్తానన్నయ్యా" అంది.

"అలాగే చెల్లెమ్మా, దివ్యంగా" అన్నాడు సాలమోను.

శనివారం కొత్తపేట వెళ్ళి తెల్లచీర కొనుక్కుని, మధ్యాహ్నం బస్సు దిగి వచ్చేసరికి గెల హాల్లో బల్ల మీద ఉంది. కింద స్టీలు పళ్ళెం, పైన లేసు గుడ్డ. దింపు తీయడానికి వచ్చిన సత్తియ్య చేత కోయించారు. ముసుగు విప్పే ఓపిక లేక కోసేసిన అబాయా ముక్కలు చెట్టు మొదట్లో పడి ఉన్నాయి.

"నీకెందుకని ఆ ముళ్ళలో శ్రమ" అంది వదిన. "రేపు ఫిలిప్ కార్లో పెట్టుకెళ్తాడు. నువ్వు మోయగలవా ఆ బరువు?"

ఆదివారం కృపావతి కొత్తచీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది. అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పరాయి దేశపు విత్తనాన్ని మన నేల మీద నాటి, సహనంతో ఫలింపజేసిన మన సంఘపెద్ద సాలమోను మాస్టారు, వారి కుటుంబం నిలబడాలని కోరుతున్నాను" అన్నారు. సాలమోను, వదిన, ఫిలిప్, ఫిలిప్ భార్య లేచారు. ముందు వరసలోంచి వదిన వెనక్కి తిరిగి, నువ్వూ లే అన్నట్లు చెయ్యి ఊపింది. కృపావతి లేవలేదు. వెనకున్న ఆవిడ వీపు మీద పొడిచి, "లెగండి కృపమ్మగారూ, మీ ఇంటోళ్ళకే ప్రార్థన" అంది. అయినా లేవలేదు.

పాట పెట్టింది యూత్ కుర్రాడు బెన్నీ. గెలను భుజం ఎత్తున పట్టుకుని, "కోనసీమ కువైట్టండీ! తిన్నోళ్ళకి వీసా ఫ్రీ అండీ!" అని నవ్విస్తున్నాడు. పాట ఇంకా చిన్నగా ఉండగానే మగవాళ్ళ గుంపు అవతల నుంచి ఒక ఆడగొంతు పాట పెంచింది. అందరూ తిరిగి చూశారు. కృపావతి.

"అదేంటండీ కృపమ్మగారూ! ఇంట్లో చెట్టు కాయకి మీరు పాటేంటండీ? మాస్టారు మీకు పెట్టరా ఏంటి?" అన్నాడు బెన్నీ. ముంగిలంతా గొల్లుమంది.

"మా చెల్లెమ్మకి కాస్త చాదస్తమండీ" అన్నాడు సాలమోను, తనూ నవ్వుతూ. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకతను ఆమె పాట మీద పాట పాడి గెల పట్టుకుపోయాడు.

ఇంటికొచ్చాక ఆమె అడిగింది. ఇరవయ్యేళ్ళలో ఆమె అన్నగారిని నిలదీసి అడిగింది అదొక్కసారే.

"అది నా చెట్టని నువ్వే అన్నావు కదన్నయ్యా. బల్ల దగ్గర, అందరి ముందూ."

సాలమోనుకు నిజంగానే బాధ కలిగింది. "ఏంటి చెల్లెమ్మా ఈ మాటలు! మనలో మనకి నాదేంటి, నీదేంటి?"

"నాలుగు గింజలు పాతి ఎల్లిపోతే చెట్టయిపోద్దా?" అంది వదిన. "స్థలం ఎవరిది? నీళ్ళు ఎవరి మోటారువి?"

నాదేంటి, నీదేంటి అన్న మాట కృపావతి ఇదివరకు విన్నదే. అప్పుడది గోడల గురించి. ఆమె లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది.

మళ్ళీ మాఘం వచ్చింది. చెట్టు నిరుటికంటే ఎక్కువ తొడుగులు వేసింది. గట్టు మీద ఈతచెట్టు పొడి రాలుస్తోంది. కృపావతి అటు వెళ్ళకుండా కొన్నాళ్ళు వేరే దారిన తిరిగింది. కానీ తొడుగులు విచ్చుకున్న పొద్దున ఆమె చేతులు ఆగలేదు. కత్తి తీసుకుని గట్టుకు వెళ్ళి పూరెమ్మలు కోసి, కొంగులో చుట్టుకుని వచ్చింది. చెట్టు చేసిన తప్పేముంది అనుకుంది దారిలో. నిచ్చెన గోడకు ఆనించబోతుంటే వంటింటి కిటికీలోంచి అన్నగారి గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోను.

"మీకో గెల పక్కాగా పంపిస్తానండీ. ఈ యేడు నిరుటి మీద రెట్టింపుంది... లేదండీ, మా చెల్లెలికేం తెలుసండీ పాపం, అక్కడ వంటమనిషి కదా. దగ్గరుండి నేనే చూసుకుంటాను, ఆయ్."

కృపావతి నిచ్చెన తీసి యథాస్థానంలో పెట్టింది. వసారాలో పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. కొంగు విప్పి పూరెమ్మలను పొయ్యిలో పెట్టింది. పొడి చిటపటమంది. మాడిన పిండి వాసన ఇల్లంతా తిరిగింది.

"ఏం మాడ్చేవమ్మా?" అని వదిన హాల్లోంచి కేకేసింది.

"ఏం లేదొదినా. చెత్త."

రెండు రోజులు పోయాక దుర్గమ్మ గోడ మీద గడ్డం ఆనించింది. "ఈ యేడు పెళ్ళి లేదేంటక్కా?"

"లేదే."

దుర్గమ్మ ఆమె మొహం చూసి గోడ మీంచి గడ్డం తీసేసింది.

పూసలు మిరియాలంతై రాలాయి. సాలమోను చెట్టు మొదట్లో ఉప్పు వేయించాడు, బూడిద పోయించాడు, రావులపాలెం నుంచి ఏదో మందు తెప్పించి కొట్టించాడు. అయ్యగారు వచ్చి చెట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఆపైన ఒకరోజు వసారా గుమ్మంలో నిలబడి సాలమోను అడిగాడు. "నిరుడు నువ్వేమన్నా వేసేవా చెల్లెమ్మా దీనికి?"

"నాకేం తెలుసన్నయ్యా. వంటమనిషిని కదా" అంది. ఆయన ఆ మాట ఎక్కడ విన్నానా అన్నట్లు చూసి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఏడు కూడా చెట్టు పూసింది, రాల్చింది. చర్చిలో జనం "మాస్టారి ఖర్జూరం ఒక్కరోజు ముచ్చటండి" అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఆ నవ్వు సాలమోనును కుదిపింది. ఫిలిప్ ఇసుక తోలించాడు. ఒక శనివారం సత్తియ్య గొడ్డలి పట్టుకుని వచ్చాడు గానీ, మొదట్లో నిలబడి తటపటాయించాడు.

"కాసిన చెట్టండీ ఇది. పోతనుకున్నాం గానీ, కాసింది కదండీ. ఎందుకు మానేసిందో ఏమో... ఇంకో యేడు చూస్తారేంటండీ?"

ఫిలిప్ తండ్రి వైపు చూశాడు. సాలమోను చెట్టు వైపు చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగాడు. ఆయన మొహంలో అలసట, కొంచెం చిరాకు, ఎవరైనా ఈ బరువు దించుకుంటే బాగుండునన్న కోరిక కనిపించాయి.

"ఏం చెల్లెమ్మా? నీ చెట్టు. నువ్వే చెప్పు."

అందరూ ఆమె మాట కోసం ఆగారు. గోడ అవతల దుర్గమ్మ కొబ్బరికాయ వొలవడం ఆపింది. గట్టు మీద ఈతచెట్టు అక్కడి నుంచే కనిపిస్తోంది. ఒక్క మాట చెబితే సత్తియ్య గొడ్డలి దించేస్తాడు. వచ్చే ఏటికి గెలలుంటాయి, ముసుగులుంటాయి, లేసు గుడ్డ వేసిన పళ్ళెం ఉంటుంది. కృపావతి గుమ్మం దిగి వచ్చి చెట్టు మొదలు మీద చెయ్యి వేసింది. చెక్కిన మట్టల గుర్తులు అరచేతికి గరుగ్గా తగిలాయి.

"కొట్టెయ్యి సత్తియ్యా" అంది.

మధ్యాహ్నానికి చెట్టు ఒరిగింది. సత్తియ్య తలభాగం చీల్చి, లోపలున్న తెల్లటి మొవ్వ తీసి ముక్కలు కోశాడు. కొబ్బరి మొవ్వంటే ప్రాణమిచ్చే పేట అది, పిల్లలు మూగారు. ఫిలిప్ ఇటుకలకు ముగ్గుతో గీతలు గీయిస్తున్నాడు. వదిన పళ్ళెంలో రెండు ముక్కలు పెట్టుకుని వసారాకు వచ్చింది.

"తీసుకో. నీ చెట్టుదే" అంది.

కృపావతి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. లేత కొబ్బరిలా, కొంచెం వగరుగా, తియ్యగా ఉంది. రెండో ముక్క గోడ మీదుగా దుర్గమ్మకు అందించింది.

దుర్గమ్మ దాన్ని చేతిలో పట్టుకుని గొంతు తగ్గించింది. "ఒక్క మాటంటే నిలబడేది కదక్కా."

"నిలబడితే ఎవరిదయ్యేదే?"

దుర్గమ్మ ముక్క నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది. కృపావతి చీపురు తీసుకుని, షెడ్డు పునాది గీతలు చెరక్కుండా, ముళ్ళూ పేళ్ళూ ఒక పక్కకు ఊడ్చడం మొదలుపెట్టింది.